కణము తన్ను తాను గుర్తుంచుకొనుట ఎట్లు?

హైదరాబాదు నుండి పడమరగా సాగు జాతీయ రహదారి పటాన్‌చెరు, రుద్రారము, కంది దాటి సంగారెడ్డి పొలిమేర చేరినప్పుడు పోతిరెడ్డిపల్లి చౌరస్తా వచ్చును. ఇచ్చట దారి చీలుచున్నది. ఒక పాయ సంగారెడ్డి పట్టణములోనికి పోవును. రెండవది సదాశివపేట, జహీరాబాదుల వైపు సాగును. చౌరస్తా చేరువరకు బస్సులలోని వారందరిది ఒకే దారి. దాటిన పిమ్మట ఎవరి దారి వారిది.

మన శరీరము కూడ ఒకే కణముతో బయలుదేరినది. తల్లి అండము, తండ్రి శుక్రకణము కలియగా ఏర్పడిన ఆ ఒక్క కణము రెండుగను, రెండు నాలుగుగను, నాలుగు ఎనిమిదిగను చీలుచు, నడుమ ఎన్నో చౌరస్తాలు దాటి, తుదకు 200కు పైబడిన కణజాతులుగా తేలినది. చర్మకణము చర్మకణముగను, కాలేయకణము కాలేయకణముగను నిలచిపోయినవి. కాలేయములో కొంత భాగము కోసి తీసివేసినచో మిగిలిన కణములు విభజన చెంది ఆ లోటును పూరించును. కాని అక్కడ పుట్టునవి కాలేయకణములే. మెదడు కణము ఒక్కటియు పొరపాటున పుట్టదు. ఇంతకును ఈ కణములన్నింటి కేంద్రకములలోని జన్యువులు ఇంచుమించు ఒకటియే. మాంసకృత్తుల నిర్మాణమునకు ఆధారమైన జన్యువులు సుమారు 20,000 మెదడు కణములో ఎన్ని ఉన్నవో గోరు మొదట నున్న కణములోను అన్నియే ఉన్నవి. అందరి చేతిలోను ఒకే పుస్తకమున్నది. ఒకడు ఒక పుటను, మరియొకడు వేరొక పుటను మాత్రమే చదువుచున్నాడు. అంతే కాదు, తన సంతతికి కూడ ఆ పుటనే చదువుమని చెప్పి పోవుచున్నాడు. ఇది ఎట్లు సాధ్యమైనది?

దీనినే నేడు కణపు గుర్తింపు సమస్య అనుచున్నారు. జన్యువులలోని లిపిని మార్చకయే ఏ జన్యువు పలుకవలెనో, ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమును కణవిభజనల గుండ నిలిపి ఉంచు ఏర్పాట్లను గూర్చిన శాస్త్రమునకు ఎపిజెనెటిక్సు అని పేరు. పైన చెప్పిన రహదారి మీదనే పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధనకై 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఉన్నది. కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. ఉన్నది. నగరములో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., 1977లో వెలసినది. ఇట్టి చోట్ల డాక్టరేటు పట్టమునకై శ్రమించు విద్యార్థులను పలుకరించినచో, వారిలో ఎవరో ఒకరు ఈ సమస్యనే తమ పరిశోధనాంశముగా చెప్పవచ్చును. పండుగకు ఊరికి వచ్చినప్పుడు బంధువులకు దానిని వివరించుట వారికి కష్టము. “ఏ జబ్బుకు మందు కనిపెట్టుచున్నావు?” అని అడిగినచో సూటియైన జవాబు దొరకదు. ఆ జవాబు వెనుక నూరేండ్లకు పైబడిన కథ ఉన్నది. దాని మలుపులలో కొన్ని డాక్టరేటు విద్యార్థుల చేతులలోనే జరిగినవి.

మొదట ఇచ్చిన సమాధానము మిక్కిలి సులభమైనది, మిక్కిలి తప్పైనది. జర్మను శాస్త్రజ్ఞుడు ఆగస్టు వైస్‌మన్ 1892లో ప్రకటించిన గ్రంథములో, పిండము పెరుగునప్పుడు కణములు వారసత్వ పదార్థమును అన్నదమ్ములు ఆస్తిని పంచుకొన్నట్లు పంచుకొనునని ఊహించినాడు. కాలేయమగు కణమునకు కాలేయపు వాటా, చర్మమగు కణమునకు చర్మపు వాటా. వేరే వాటా లేదు గనుక వేరొకటి కాజాలదు. అంతకు ముందే, 1888లో, రూ అను నతడు కప్ప పిండము రెండు కణములుగా ఉన్నప్పుడు ఒకదానిని కాల్చిన సూదితో పొడిచి చంపగా, మిగిలిన కణము సగము పిండముగానే పెరిగినది. ఇది పంపకము సిద్ధాంతమునకు బలముగా తోచినది. కాని మూడేండ్ల తరువాత డ్రీష్ సీ అర్చిన్ అను సముద్రపు ముళ్లజీవి పిండమును కదలించి రెండు కణములను వేరు చేయగా, ఒక్కొక్క కణము చిన్నదైనను సంపూర్ణమైన జీవిగా ఎదిగినది. రూ ప్రయోగములో చచ్చిన సగము బ్రతికిన సగమును అంటుకొనియే ఉన్నది. బ్రతికిన కణము తాను ఒంటరినని ఎరుగదు. ఆ చిన్న తేడాయే ఫలితమును మార్చినది. ప్రయోగము చేయుటకన్న దాని అర్థము చెప్పుటయే కష్టమనుటకు ఉపాధ్యాయులు ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూపవచ్చును.

రెండు కణముల దశలో ఏమి జరిగినను, పూర్తిగా ఎదిగిన కణము మాటేమి? పేగు కణము తన వృత్తి నేర్చిన తరువాత తక్కిన జన్యువులను పారవేయునా, దాచుకొనునా? దీనిని తేల్చుటకు ఒకటే మార్గము. అండములోని కేంద్రకమును తీసివేసి, దాని స్థానములో ఎదిగిన కణపు కేంద్రకమును పెట్టి చూడవలెను. 1952లో అమెరికాలో బ్రిగ్సు, కింగు అనువారు కప్పలలో దీనిని సాధించినారు. కాని కేంద్రకమును ఎంత ముదురు పిండము నుండి తీసిన అంతగా ప్రయోగము విఫలమగుచు వచ్చినది. చౌరస్తా దాటిన బస్సు వెనుకకు రాదని వారు తలచినారు.

ఆ పని చేపట్టిన జాన్ గర్డన్ కథ ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1949లో ఈటన్ పాఠశాలలో ఆయన ఉపాధ్యాయుడు, ఈ బాలుడు శాస్త్రజ్ఞుడు కావలెననుకొనుట నవ్వుబాటు, ఇరువురికిని కాలము వృథా అను అర్థము వచ్చునట్లు నివేదిక వ్రాసినాడు. జీవశాస్త్రమున 250 మందిలో ఇతనిది చిట్టచివరి స్థానము. ఆ కాగితమునకు చట్రము కట్టించి గర్డన్ తన బల్ల దగ్గర పెట్టుకొన్నాడు. ఆక్సుఫర్డులో డాక్టరేటు విద్యార్థిగా చేరి ఆయన ఆఫ్రికా దేశపు ఒక కప్ప జాతిని తీసికొన్నాడు. అండపు కేంద్రకమును అతినీలలోహిత కిరణములతో నశింపజేసి, తోకకప్ప పేగు గోడలోని కణపు కేంద్రకమును సన్నని గాజు గొట్టముతో అందులో ప్రవేశపెట్టినాడు. పుట్టిన జీవి నిజముగా ఈ కొత్త కేంద్రకమునుండియే పుట్టినదని చూపుటకు, సూక్ష్మదర్శినిలో ఆనవాలు పట్టదగిన ఒక వంశపు కప్పల కేంద్రకములను వాడినాడు. 1962లో ప్రకటించిన లెక్క ఇది: 726 అండములలో 10 మాత్రమే ఈదుచు మేత మేయు తోకకప్పలుగా ఎదిగినవి.

నూటికి ఒకటిన్నర కూడ కాదు. అయినను ఒక్క తోకకప్ప చాలును. పేగు కణములో కన్నునకు, గుండెకు, తోకకు వలసిన జన్యువులన్నియు చెక్కుచెదరక ఉన్నవని తేలినది. పంపకము సిద్ధాంతము అంతటితో చచ్చినది. 1996లో స్కాట్లండులో పుట్టిన డాలీ గొర్రె, పొదుగు కణపు కేంద్రకమునుండి 277 ప్రయత్నములలో ఒకటిగా, ఈ సంగతినే క్షీరదములలో చూపినది.

మరి విఫలమైన ఆ 716 అండముల మాటేమి? పది విజయముల వెలుగులో వాటిని చాలమంది మరచినారు. నా ఉద్దేశములో అసలు కథ వాటిలోనే ఉన్నది. పేగు కణము జన్యువులను పోగొట్టుకొనలేదు సరే. కాని తాను పేగు కణమునను సంగతిని దేనిమీదనో గట్టిగా వ్రాసి పెట్టుకొన్నది, అండమునకు కూడ సులువుగా చెరుపుటకు వీలుకాని వ్రాత అది. గర్డన్ కూడ దీనిని వదలలేదు. 2008లో ఆయన ప్రయోగశాల నుండి వెలువడిన ఫలితము ఈ వ్రాత ఎంత మొండిదో చూపుచున్నది. కండర కణపు కేంద్రకమును అండములో పెట్టగా పుట్టిన పిండములో, కండరములకు సంబంధము లేని భాగములలో కూడ కండరపు జన్యువొకటి పలుకుచుండెను. 24 కణవిభజనలు గడచినను, నడుమ ఆ జన్యువు మౌనముగా ఉన్న కాలము గడచినను, కేంద్రకము తన పాత కొలువును మరువలేదు.

ఈ విషయములో మొక్కలు జంతువులకన్న ఉదారములు. 1958లో అమెరికాలో స్టీవర్డు క్యారటు దుంపలోని కణములను పోషక ద్రవములో పెంచి మొక్కలను మొలిపించినాడు. ఆరేండ్ల తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయములో జరిగినది అంతకన్న చిత్రము. సిప్రా గుహ, సతీష్ మహేశ్వరి అను వృక్షశాస్త్రజ్ఞులు ఉమ్మెత్త జాతి మొక్క పరాగకోశములను గాజు నాళములలో పెంచుచుండిరి. మొలకెత్తించుట వారి ఉద్దేశము కానే కాదు. పుప్పొడి తయారగునప్పుడు క్రోమోజోములు సగమగు తీరును పరిశీలించుటయే వారి పని. కాని కొన్ని వారములలో పరాగకోశములు పగిలి లోపల నుండి పిండముల వంటి ఆకారములు బయటికి వచ్చినవి. పుప్పొడి రేణువు పుట్టినది అండమును చేరి నశించుటకు. అట్టిది తన పనిని మరచి స్వయముగా మొక్కగా మారబూనినది. వారు 1964లో దీనిని ప్రకటించినారు. ఇట్టి మొక్కలలో క్రోమోజోములు సగమే ఉండును గనుక వాటిని రెట్టించి శుద్ధ వంశములను త్వరగా తయారు చేయుటకు పంటల శాస్త్రజ్ఞులు ఈ మార్గమును లోకమంతట వాడుచున్నారు. మన ఊళ్ళ పెంటకుప్పల చెంత పశువు కూడ ముట్టని ఉమ్మెత్తకు ఇంతటి చరిత్ర ఉన్నది.

విద్యార్థులు వేరుశెనగ పలుకునొకదానిని నానబెట్టి రెండు బద్దలుగా విడదీసి చూడవచ్చును. ఒక బద్ద కొనకు ముక్కువలె అంటియున్న చిన్న మొలక కనిపించును. మొక్క కావలసినది అదియే. బద్ద దానికి ఆహారము మాత్రమే. పొలములో బద్దను ఒక్కదానినే పాతినచో కుళ్ళిపోవును. కాని 2000 సంవత్సర ప్రాంతమున పటాన్‌చెరు ఇక్రిశాట్ ప్రయోగశాలలో ఆ ముక్కును తీసివేసి, మిగిలిన బద్ద ముక్కలను సైటోకైనిను జాతి హార్మోను కలిపిన పోషక పదార్థముపై పెట్టగా, వాటి కోసిన అంచులనుండి చిగుళ్ళు లేచినవి. ఆ చిగుళ్ళు వేళ్ళూని పూర్తి మొక్కలైనవి. అన్నము పెట్టుటకు పుట్టిన కణము తానే బిడ్డయైనది. వేరుశెనగలో కొత్త జన్యువులను ప్రవేశపెట్టు పద్ధతికి ఇదియే పునాది. హార్మోను అందించినది సూచన మాత్రమే. ఆ కణములోని పాత వ్రాత చెరుగుటకు, కొత్త వ్రాత పడుటకు వీలున్నందుననే ఆ సూచన పనిచేసినది.

ఆ వ్రాతకు పేరు, రూపము కల్పించినవాడు వాడింగ్టన్. ఈయన 1905లో ఇంగ్లండులో పుట్టి, మూడేండ్లు నిండవచ్చువరకు వయనాడు కొండలలో పెరిగినాడు. తండ్రి అచ్చటి తేయాకు తోటలో పనిచేసెడివాడు. 1942లో వాడింగ్టన్ ఎపిజెనెటిక్సు అను మాటను వాడుకలోనికి తెచ్చినాడు. 1957లో తన గ్రంథములో ఒక బొమ్మ వేసినాడు. కొండ వాలు మీద ఒక గోళీ ఉన్నది. వాలు క్రిందికి పోయినకొలది లోయలు రెండేసిగా చీలుచున్నవి. గోళీ ఒక లోయలోనికి జారినచో నడుమ గట్టు అడ్డము గనుక ప్రక్క లోయలోనికి పోదు. గోళీ కణము, లోయ దాని వృత్తి. పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు, ఈ బొమ్మకు ఒక భేదమున్నది. మన రహదారి చదును. బస్సును వెనుకకు మళ్ళించుట డ్రైవరు ఇష్టము. వాడింగ్టన్ చౌరస్తా వాలులో ఉన్నది. గోళీని ఎవరైన పైకి నెట్టినగాని అది ఎక్కదు. ఈ కొండ దేనితో చేయబడినదో ఆనాటికి ఎవరికిని తెలియదు.

తెలియుటకు రసాయన శాస్త్రము కావలసివచ్చినది. మన కణమొక్కదానిలోని డి.ఎన్.ఏ. దారమును సాగదీసినచో సుమారు 2 మీటర్లుండును. అది ఇమిడియున్న కేంద్రకము అడ్డుకొలత మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే. దారమును కండెలకు చుట్టినట్లు ప్రకృతి దీనిని హిస్టోనులను మాంసకృత్తుల చుట్టు చుట్టి పెట్టినది. ఎనిమిది హిస్టోనులు కలిసి ఒక కండె. దానిచుట్టు 147 అక్షరముల దారము. ఈ అమరికను 1974లో కార్న్‌బర్గు వివరించినాడు. బిగువుగా చుట్టిన చోట జన్యువును చదువుట సాధ్యము కాదు; వదులుగా ఉన్న చోట సాధ్యము. హిస్టోనులకు ఎసిటైలు సముదాయములు అంటుకొన్నచో జన్యువులు పలుకుట హెచ్చునని ఆల్‌ఫ్రీ 1964లోనే సూచించియుండెను.

రెండవ గుర్తు డి.ఎన్.ఏ. మీదనే పడును. అందులోని నాలుగు అక్షరములలో సి అనుదానికి కొన్ని చోట్ల మిథైలు, అనగా ఒక కార్బను, మూడు హైడ్రొజనుల చిన్న ముక్క, అంటియుండును. 1948లో హాచ్‌కిస్ దీనిని చూచినాడు గాని దాని పని ఏమో చాలకాలము తెలియలేదు. 1975లో కాలిఫోర్నియాలో రిగ్సు, లండనులో హాలిడే, ప్యూ ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ ఒకే ఊహ చేసినారు. అది ఎంత అందమైన ఊహయో చూడుడు. డి.ఎన్.ఏ. రెండు పేటల త్రాడు. ఒక పేటలో సి తరువాత జి వచ్చినచో, ఎదురు పేటలో కూడ తిరుగు వరుసలో సి, జి లే ఉండును. కనుక గుర్తు రెండు పేటల మీద ఎదురెదురుగా పడును. కణవిభజనకు ముందు పేటలు విడిపోయి ఒక్కొక్క పాత పేటకు ఒక కొత్త పేట తోడగును. పాతదాని మీద గుర్తున్నది, కొత్తదాని మీద లేదు. అప్పుడొక ఎంజైము బయలుదేరి, పాత పేట మీద గుర్తున్న ప్రతిచోట కొత్త పేట మీద కూడ గుర్తు వేయుచు పోవును. పూర్వము మన గ్రామములలో పట్వారీ ఏటేట కొత్త పహాణీ వ్రాయునప్పుడు పాతదానిని ఎదుట పెట్టుకొని, అందులో పడావని ఉన్న సర్వే నంబరునకు ఇందులోను పడావని వ్రాసినట్లే ఇది. భూమి మారలేదు, నంబరు మారలేదు. వ్యాఖ్య మాత్రము తరతరముల పహాణీలలో నిలచిపోవును. రిగ్సు, హాలిడేలు ఊహించిన ఎంజైము తరువాత నిజముగానే దొరికినది.

ఆ మిథైలు ముక్క ఎక్కడనుండి వచ్చుచున్నది? ఇచ్చట ఒక తెలుగువాని పేరు తలచుకొనవలెను. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకత్వము వహించి, 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించినాడు. రక్తహీనతకు అది మందని ఆ దినములలో ప్రఖ్యాతి. శరీరములో ఒక్కొక్క కార్బనును చేతినుండి చేతికి అందించు కూలి ఫోలిక్ ఆమ్లమే. ఆ కార్బను మిథియొనిను అను అమినో ఆమ్లమును చేరి, దాని ద్వారా డి.ఎన్.ఏ. మీదికి ఎక్కును. ఆకుకూరలు, పప్పులు మనకిచ్చు ఫోలేటు లేనిచో పట్వారీ సిరాబుడ్డి ఎండిపోవును. 1948లో మరణించిన సుబ్బారావుకు ఈ సంగతి తెలియు అవకాశము లేదు. హాచ్‌కిస్ ఆ గుర్తును చూచినది సరిగా ఆ సంవత్సరమే.

జీవులలో ఈ జ్ఞాపకమునకు కంటికి కనిపించు ఉదాహరణలు కలవు. మూడు రంగుల పిల్లిని చూడుడు. ఆడపిల్లికి రెండు ఎక్సు క్రోమోజోములుండగా ప్రతి కణములోను ఒకటి మూతబడును. ఏది మూతబడినదో ఆ కణపు సంతతి మరువదు కనుకనే మచ్చలు మచ్చలుగా రంగులు తేలినవి. మేరీ లయన్ 1961లో దీనిని వివరించినది. మన మందార చెట్లను పీడించు పిండినల్లి కుటుంబములో ఇంతకన్న వింత ఉన్నది. ఈ పురుగులలో పెక్కు జాతుల మగవానిలో తండ్రినుండి వచ్చిన క్రోమోజోములన్నియు ముద్దగట్టి మౌనము వహించును. ఆడుదానిలో రెండును పలుకును. ఇట్టి పురుగుల నమూనా ఆధారముగా బెంగుళూరు శాస్త్రజ్ఞుడు శరత్ చంద్ర, అమెరికాలోని స్పెన్సర్ బ్రౌనుతో కలిసి, 1975లో క్షీరదముల ఎక్సు క్రోమోజోము మూతపడుటను గూర్చి చర్చించినాడు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో రాకేశ్ మిశ్రా పరిశోధక బృందము పండ్ల ఈగను తీసికొన్నది. ఈగ శరీరములో ఏ ఖండమునకు రెక్క రావలెనో, దేనికి రాకూడదో నిర్ణయించు జన్యువులు ఒకదాని ప్రక్కన ఒకటి ఉండును. ఒకదాని మౌనము రెండవదానికి అంటకుండ నడుమ సరిహద్దు రాళ్ళవంటి డి.ఎన్.ఏ. ముక్కలు కలవు. ఆ రాళ్ళు ఎట్లు పనిచేయుచున్నవో, ఒకసారి తీసికొన్న నిర్ణయమును కణము ఎట్లు జ్ఞాపకముంచుకొనుచున్నదో వారు అచ్చట పరిశోధించినారు.

వ్రాత ఉన్నదని తెలిసినది. దానిని చెరుపవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు అనుకోని దిక్కునుండి వచ్చినది. 1964లో ప్రాగ్ నగరములో పిస్కల, షోర్ము అను రసాయన శాస్త్రజ్ఞులు అజాసైటిడిను అను పదార్థమును తయారు చేసినారు. డి.ఎన్.ఏ.లోని సి అక్షరమునకు ఇది నకలు. ఒక్క పరమాణువు మాత్రము వేరు. రక్తపు క్యాన్సరు కణములను చంపు విషముగా దీనిని పరీక్షించిరి. 1977లో దక్షిణాఫ్రికాలో కాన్‌స్టాంటినిడెస్, జోన్సు, గీవర్సు అనువారు ఈ పదార్థమును గాజు పళ్ళెములోని చుంచు కణములపై ప్రయోగించి కొన్ని వారములకు చూడగా, పళ్ళెములో కండరపు పోగులు ఏర్పడి అదరుచుండెను. ఆ కణములు అంతకు ముందు కండరములు కావు. చంపుటకు వేసిన మందు వాటి వృత్తిని మార్చినది! జోన్సు అమెరికాకు పోయి, టేలర్ అను సహచరితో కలిసి 1980లో కారణము తేల్చినాడు. నకిలీ అక్షరమును పట్టుకొన్న పట్వారీ ఎంజైము దానికే అతుక్కొనిపోవును. పని చేయువాడు లేక, విభజన విభజనకు గుర్తులు మాసిపోవును. మూతబడిన జన్యువులలో కొన్ని నోరు విప్పును. అట్లు నోరు విప్పినవాటిలో కణమును కండరముగా మార్చగల మయో-డి అను జన్యువును 1987లో వెయిన్‌ట్రాబు బృందము పట్టుకొన్నది.

క్యాన్సరును జన్యువుల లిపిలో పడిన తప్పుగానే మనము పాఠములలో చెప్పుచున్నాము. అది నిజమే గాని సంపూర్ణము కాదు. చాల క్యాన్సర్లలో కణవృద్ధికి కళ్ళెము వేయు జన్యువులు చెడిపోకయే మిథైలు గుర్తులతో మూతబడియుండును. మజ్జలో రక్తకణములు సరిగా ఎదుగక మధ్యలో నిలిచిపోవు మయెలోడిస్‌ప్లాసియా అను జబ్బులో అజాసైటిడినును విషముగా గాక, తక్కువ మోతాదులో చాల నెలలు ఇచ్చినచో కొందరిలో రక్తము మరల కుదుటపడును. 2004లో అమెరికా ప్రభుత్వము దీనిని ఈ జబ్బుకు మందుగా ఆమోదించినది. దాని దగ్గరి బంధువు డెసిటబినును 2006లో ఆమోదించినది. 2013లో ఈ రెండు మందుల జెనెరిక్ రూపములను డాక్టర్ రెడ్డీస్ సంస్థ అమెరికా విపణిలో ప్రవేశపెట్టినది. కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో స్థాపించిన ఈ సంస్థకు పటాన్‌చెరు ప్రక్కనున్న బొల్లారము పారిశ్రామికవాడలో కర్మాగారములు కలవు. ఈ మందులు జబ్బును సాధారణముగా పూర్తిగా నయము చేయవు. ఆయువును, నిబ్బరమును కొంత పెంచును. మందు ఆపినచో గుర్తులు మరల పడును.

చెరుపుట ఒక ఎత్తు. కణమును కొండ శిఖరము వరకు నెట్టుట మరొక ఎత్తు. జపానులో షిన్యా యమనాక, తన వద్దనే డాక్టరేటు చేసిన కజుతోషి తకహాషి 2006లో దీనిని సాధించినారు. పిండకణములలో పలుకు జన్యువులలో 24 ఏరి, ఒక్కొక్కటిగా చుంచు చర్మపు కణములలో పెట్టి చూడగా ఏమియు కాలేదు. తకహాషి 24ను ఒకేసారి కలిపి పెట్టినాడు. కణములు మారినవి! తరువాత ఒక్కొక్కటి తీసివేయుచు, ఏది లేనిచో పని ఆగునో చూచి తుదకు నాలుగు జన్యువులు చాలునని తేల్చినాడు. లోపమును బట్టి అవసరమును కనుగొను ఈ పద్ధతి హైస్కూలు విద్యార్థికి కూడ అర్థమగును. 2012 నోబెలు బహుమానమును గర్డన్, యమనాక పంచుకొన్నారు. గర్డన్ తన 726 అండముల లెక్కను ప్రకటించిన 1962లోనే యమనాక పుట్టినాడు.

అయితే శిఖరమునకు చేర్చిన కణము క్రిందికి దిగునప్పుడు సరియైన లోయలోనే దిగునని ఎవరు హామీ ఇత్తురు? చెరుపకూడని వ్రాత చెరిగిపోయినచో ఏమగునో చూపు ఉదాహరణ తెలుగు రైతులకు పరిచయమైన పంటలోనే ఉన్నది. గోదావరి జిల్లాలలో, ఖమ్మము ప్రాంతములో ఆయిల్ పామ్ తోటలు విరివిగా పెరుగుచున్నవి. దీని పరిశోధనకై ఏలూరు సమీపమున పెదవేగిలో జాతీయ సంస్థ ఉన్నది. మంచి చెట్టు ఆకు కణములనుండి వేలకొలది నకలు మొక్కలను తయారు చేయవచ్చునని 1970 తరువాత మలేషియా మొదలగు దేశములలో గొప్ప ఆశ పుట్టినది. మొక్కలు ఏపుగా పెరిగినవి. కాని కొన్ని ఏండ్లకు కాపు వచ్చినప్పుడు వాటిలో కొన్నింటి కాయలు వికారముగా చీలి, నూనె తరిగిపోయినవి. తల్లి చెట్టుకు, ఈ చెట్టుకు జన్యువుల లిపిలో తేడా లేదు. 2015లో మలేషియా, అమెరికా శాస్త్రజ్ఞులు కారణము కనుగొన్నారు. పువ్వు భాగములను తీర్చు ఒక జన్యువు నడుమ ఒక పరాన్నభుక్కు వంటి డి.ఎన్.ఏ. ముక్క దాగియున్నది. దాని మీద మిథైలు గుర్తు ఉన్నంతవరకు కాయ సవ్యముగా ఉండును. గాజు పళ్ళెములో పెంచునప్పుడు ఆ గుర్తు చెరిగిన మొక్క పాడు కాయ కాయును.

ఆ ముక్క పేరు ‘కర్మ’. గుర్తున్నదానిని మంచి కర్మ అనియు, లేనిదానిని చెడు కర్మ అనియు ఆ శాస్త్రజ్ఞులే వేడుకగా పిలిచినారు. పేరు చూచి, తాతలు చేసిన పనులు ఎపిజెనెటిక్సు ద్వారా మనుమలకు సంక్రమించునని ఎవరైన చెప్పబూనినచో తొందరపడి నమ్మరాదు. మన వంటి క్షీరదములలో ఈ గుర్తులు బీజకణములు తయారగునప్పుడు ఒకసారి, పిండము మొదటి దినములలో మరియొకసారి చాలవరకు చెరిపివేయబడును. మిగిలియుండు కొద్ది గుర్తులను గూర్చి ఇంకను పరిశోధనలు జరుగుచున్నవి. మొక్కలలో అట్లు కాదు. గుర్తులు తరతరములు నిలుచుట ఎక్కువ.

మన తోటలలో నాటునవి ఎక్కువగా విత్తనపు మొక్కలే గనుక ఈ బెడద మనకు పెద్దగా తగులలేదు. నకలు మొక్కలు నాటిన చోట మాత్రము, కాపు పడువరకు చెట్టు మంచిదో కాదో తెలియక ఎరువులు, నీరు పోసి పెంచవలసివచ్చెడిది. ఇప్పుడు నర్సరీలోని మొక్కనుండి ఒక చిన్న ఆకు ముక్కను తీసి, అందులోని కర్మ మీద గుర్తున్నదో లేదో చూచినచో, పాడు కాయ కాయబోవు మొక్కను పొలమునకు పోకమునుపే ఏరి పారవేయవచ్చును.